అసెంబ్లీకి వచ్చిన బిల్లును మనమే చదువుకోవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

"కొత్త బిల్లు తెచ్చారట, ఇక మన పట్టాలు చెల్లవట" అన్న మాట ఊరంతా పాకడానికి ఒక పూట చాలు. ఆ బిల్లును తెరిచి చదివినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. చట్టం లాయర్లకే అర్థమవుతుందన్న భయం దీనికి కారణం. నిజానికి రాష్ట్ర శాసనసభకు వచ్చే బిల్లుల్లో చాలావరకు పది నుంచి ముప్పై పేజీలు మించవు. ఏ పేజీ ముందు చదవాలో, ఏ మాట దగ్గర ఆగాలో తెలిస్తే రెండు సాయంత్రాల్లో పని అయిపోతుంది.

ఉదాహరణలు ఎక్కువగా భూమి చట్టాల నుంచే తీసుకున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటీవలి ఏళ్లలో జనాన్ని ఎక్కువగా తాకినవి అవే. పద్ధతి మాత్రం అద్దె ఇళ్ల బిల్లుకైనా, ఫీజుల బిల్లుకైనా, పంచాయతీరాజ్ సవరణకైనా ఒక్కటే.

కావలసినవి: బిల్లు ప్రింటు ప్రతి, పెన్సిల్, అది సవరణ బిల్లయితే పాత చట్టం ప్రతి, ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో చదవకండి. ఒక క్లాజు మరో క్లాజును చూడమంటుంది, అది మూడోదాన్ని చూడమంటుంది. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పకుండా ఏ చట్టమూ అర్థం కాదు.

మొదటి మెట్టు: చేతిలో ఉన్న కాగితం ఏమిటో తేల్చుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "కొత్త చట్టం" పేరుతో తిరిగే కాగితం ఐదు రకాల్లో ఏదైనా కావచ్చు.

ముసాయిదా అంటే ప్రభుత్వ శాఖ తయారుచేసి, సలహాల కోసం బయటపెట్టిన చిత్తుప్రతి. దానికి బిల్లు నంబరు ఉండదు. తెలంగాణలో కొత్త ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో సీసీఎల్‌ఏ (భూపరిపాలన ప్రధాన కమిషనర్) వెబ్‌సైట్‌లో పెట్టి అభిప్రాయాలు అడిగారు. గిగ్ కార్మికుల (యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ లాంటి పనులు చేసేవారి) బిల్లు ముసాయిదాను కార్మిక శాఖ 2025 ఏప్రిల్‌లో అలాగే విడుదల చేసింది. ముసాయిదా ఎవరినీ కట్టడి చేయదు. కానీ మన మాట ఎక్కువగా చెల్లేది ఈ దశలోనే.

బిల్లు అంటే సభలో ప్రవేశపెట్టినది. పైన ఎల్.ఏ. బిల్లు నంబరు, సంవత్సరం ఉంటాయి. చివర మంత్రి పేరుతో "ఉద్దేశముల, కారణముల వివరణ" ఉంటుంది. బిల్లులో ఉన్నంతకాలం భాగాలను క్లాజులు అంటారు, చట్టమయ్యాక అవే సెక్షన్లు.

ఆర్డినెన్స్ అంటే సభ సమావేశాల్లో లేనప్పుడు 213వ అధికరణం కింద గవర్నర్ జారీ చేసేది. జారీ అయిన రోజు నుంచే దానికి చట్టం బలం ఉంటుంది. సభ మళ్లీ సమావేశమైన ఆరు వారాల్లో దాని స్థానంలో బిల్లు ఆమోదం పొందకపోతే రద్దయిపోతుంది.

చట్టం అంటే గవర్నర్ లేదా రాష్ట్రపతి ఆమోదం తర్వాత రాజపత్రంలో అచ్చయినది. రెండు రాష్ట్రాల్లోనూ చట్టాలు రాజపత్రం పార్ట్ 4-బి లో వస్తాయి, చట్టం నంబరు, సంవత్సరం ఉంటాయి. ఇక రూల్స్, జీఓలు (ప్రభుత్వ ఉత్తర్వులు) చట్టం కింద ప్రభుత్వం ఇచ్చేవి. రోజువారీ జీవితంలో మనకు తగిలేవి ఎక్కువగా ఇవే.

కాగితం పైన ఈ గుర్తుల్లో ఏదీ లేకపోతే దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ముసాయిదాకీ సభలో పెట్టిన బిల్లుకీ మధ్య క్లాజుల నంబర్లే మారిపోవచ్చు. రెండు నెలల కిందటి పీడీఎఫ్ పట్టుకుని "తొమ్మిదో క్లాజులో ఇలా ఉంది" అని వాదించేవారికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

రెండో మెట్టు: అసలు ప్రతి సంపాదించండి

మూడు చోట్ల వెతకాలి: రాష్ట్ర శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లుల విభాగం, సంబంధిత శాఖ వెబ్‌సైట్, ఈ-గెజిట్. ఎక్కడా దొరకకపోతే మీ ఎమ్మెల్యే కార్యాలయాన్ని అడగండి. సభలో పెట్టే బిల్లు ప్రతిని సభ్యులందరికీ ఇస్తారు. ఇది చాలామందికి తట్టని దగ్గరి దారి.

సమాచార హక్కు చట్టం 4(1)(సి) సెక్షన్ ప్రజలను ప్రభావితం చేసే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రకటించాలని చెబుతోంది. శాఖ కార్యదర్శి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు. అయితే మంత్రివర్గం పరిశీలనలో ఉన్న పత్రాలకు నిర్ణయం అయ్యేదాకా మినహాయింపు ఉంది. అందుకే "బిల్లు కాపీ ఇవ్వండి" అని మాత్రమే రాయకుండా, "ముసాయిదాపై వచ్చిన సలహాల జాబితా, వాటిపై శాఖ తీసుకున్న చర్య" అని కూడా అడగండి.

తెలుగు ప్రతి, ఇంగ్లిష్ ప్రతి రెండూ దొరికితే రెండూ తీసుకోండి. 348వ అధికరణం ప్రకారం ఇంగ్లిష్ పాఠమే ప్రామాణికం. తెలుగు ప్రతితో సంగతి అర్థం చేసుకుని, మీ ప్రయోజనం ఆధారపడిన వాక్యాన్ని ఇంగ్లిష్ ప్రతిలో సరిచూసుకోవాలి.

మూడో మెట్టు: మొదటి పేజీ నుంచి చదవకండి

నవల చదివినట్టు మొదటి నుంచి చివరికి చదివితే నాలుగో పేజీకే విసుగొస్తుంది. ఈ వరుసలో వెళ్లండి.

ముందు చివరి పేజీ. అక్కడి ఉద్దేశముల, కారణముల వివరణ ఒకటి రెండు పేజీల్లో మామూలు భాషలో ఉంటుంది. ప్రభుత్వం ఏ సమస్యను చూసి ఈ బిల్లు తెచ్చానంటోందో తెలుస్తుంది. ఇది చట్టంలో భాగం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. వివరణలో "రైతులకు సులభంగా" అని ఉండి, క్లాజుల్లో ఆ సులువు కనిపించకపోతే, కార్యాలయంలో చెల్లేది క్లాజే. వివరణలోని ప్రతి హామీకీ పక్కన క్లాజు నంబరు రాసుకుంటూ పోండి. నంబరు దొరకని హామీలే తర్వాత మీరు అడగాల్సిన ప్రశ్నలు.

దాని పక్కనే ఆర్థిక వివరణ పత్రం, అధికార బదలాయింపుపై వివరణ పత్రం ఉంటే చూడండి. ఏయే క్లాజుల కింద ప్రభుత్వం తర్వాత రూల్స్ చేసుకుంటుందో రెండోదాంట్లో ఒకేచోట ఉంటుంది. చాలా శ్రమ తగ్గించే కాగితం ఇది.

తర్వాత ఒకటో క్లాజు: పేరు, విస్తరణ, ప్రారంభం. రాష్ట్రమంతటికా, కొన్ని ప్రాంతాలకేనా? వెంటనేనా, "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించు తేదీ" నుంచా? పైన చెప్పిన ఆర్‌ఓఆర్ ముసాయిదా తర్వాత వచ్చిన తెలంగాణ భూభారతి బిల్లు 2024 డిసెంబరు 20న శాసనసభ ఆమోదం పొందింది, 2025 జనవరిలో గవర్నర్ ఆమోదమూ వచ్చింది, అమలు మొదలైంది మాత్రం 2025 ఏప్రిల్ 14న. మధ్యలోని నెలల్లో "కొత్త చట్టం వచ్చిందిగా, అప్పీలు తీసుకోండి" అన్నా చెల్లలేదు.

ఆ తర్వాత నిర్వచనాలు. ఇక్కడ రెండు రకాలున్నాయి. "అనగా" అని ఉంటే ఆ గీత దాటి ఇంకేదీ రాదు. "ఇందులో చేరియుండును" అని ఉంటే చెప్పనివి కూడా చేరే వీలుంది. కుటుంబం అంటే ఎవరు, భూమి అంటే వ్యవసాయ భూమేనా ఇంటి స్థలమూనా, కౌలుదారు లెక్కలోకి వస్తారా రారా అన్నది తేలేది ఇక్కడే. మీకు సంబంధించిన మూడు నాలుగు మాటల నిర్వచనాలు నోటు పుస్తకంలో రాసుకుని పక్కన పెట్టుకోండి.

అటు తర్వాత మళ్లీ చివరికి వెళ్లి అప్పీళ్లు, శిక్షలు, రద్దు క్లాజులు చూడాలి. ఇవన్నీ అయ్యాక మధ్యలోని అసలు సంగతి. అప్పటికి ఆ చట్టంలో ఎవరు ఎవరో మీకు తెలిసిపోయి ఉంటుంది, చదువు చకచకా సాగుతుంది.

నాలుగో మెట్టు: ఈ మాటల దగ్గర ఆగండి

"చేయవలెను" అని ఉంటే అధికారికి బాధ్యత. "చేయవచ్చును" అని ఉంటే అతని ఇష్టం. దరఖాస్తుదారు పనికి "వలెను", అధికారి పనికి "వచ్చును" ఉన్న క్లాజు కనిపిస్తే దాని కింద గీత గీయండి.

"ఏమి యున్నప్పటికినీ" అంటే ఇతర చట్టాలు ఏం చెప్పినా ఇదే పైచేయి అని. దానికి ఎదురు మాట "లోబడి": ఇంకో క్లాజో, ఇంకో చట్టమో దీనికంటే పైన ఉందని. రెంటినీ తారుమారుగా చదివితే అర్థం తలకిందులవుతుంది.

"అయితే" అని మొదలయ్యే పేరాను దాటవేయకండి. పైన ఇచ్చిన హక్కుకు మినహాయింపు పెట్టేది అదే. పత్రికల్లో మొదటి వాక్యమే వస్తుంది, మన కేసు మాత్రం చాలాసార్లు "అయితే"లో చిక్కుకుంటుంది.

"భావింపబడవలెను" అంటే నిజంగా జరిగినా జరగకపోయినా చట్టం దృష్టిలో జరిగినట్టే. నోటీసును తెలిసిన చివరి చిరునామాకు పంపితే అందినట్టే భావించాలి అని ఉందనుకోండి. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న పట్టాదారుకు కబురు చేరకుండానే అభ్యంతరాల గడువు మొదలైపోతుంది. విదేశాల్లో ఉండి ఇక్కడ భూమి ఉన్నవారు మిగతా బిల్లు ఎలా చదివినా, నోటీసు క్లాజును మాత్రం మాటమాటా చదవాలి. గడువు ఎప్పటి నుంచి లెక్క? నోటీసు తేదీ నుంచా, అందిన తేదీ నుంచా, ప్రచురించిన తేదీ నుంచా? స్వయంగా హాజరు కావాలా, మన తరఫున జీపీఏ (అధికార పత్రం) ఉన్నవారు రావచ్చా?

"విహితపరచిన" అన్న మాట ఎక్కడ కనిపించినా చుట్టూ గుండ్రంగా గీత పెట్టండి. అంటే ఆ సంగతి బిల్లులో లేదు, తర్వాత రూల్స్‌లో చెబుతారు అని. ఫీజు ఎంత, గడువు ఎన్ని రోజులు, ఏ ఫారం అన్నవి రూల్స్‌కు వదిలేయడం సహజమే. అర్హత ఎవరికి, నష్టపరిహారం ఎంత, విచారణ ఎలా అన్నవి కూడా "విహితపరచిన విధముగా" అని వదిలేస్తే అభ్యంతరం చెప్పడానికి అది గట్టి కారణం. సభలో చర్చ లేకుండా ఒక జీఓతో మారిపోయే సంగతులవి.

ఐదో మెట్టు: సవరణ బిల్లయితే పాత చట్టం పక్కన పెట్టుకోవాల్సిందే

సవరణ బిల్లు ఒంటరిగా చదివితే ఏమీ తెలియదు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లో 19వ సెక్షన్‌లోని (3)వ ఉపసెక్షన్ ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసింది. 2024 నవంబరులో ఆ రాష్ట్ర శాసనసభ ఈ నిబంధనను తొలగించింది. ఇలాంటి బిల్లులో కనిపించేది "ఫలానా ఉపసెక్షన్‌ను వదిలివేయవలెను" అన్న ఒక ముక్క మాత్రమే. పాత చట్టం లేకుండా ఆ ముక్క చదివినవారికి, మూడు దశాబ్దాల నియమం ఒకటి పోయిందని ఎలా తెలుస్తుంది?

చేయాల్సిన పని ఇది. పాత సెక్షన్‌ను పూర్తిగా ఒక కాగితం మీద రాయండి లేదా ప్రింటు తీయండి. బిల్లు తీసేసే మాటలను కొట్టేయండి, చేర్చే మాటలను వేరే రంగు సిరాతో పైన రాయండి. ఇప్పుడు ఆ సెక్షన్‌ను మొదటి నుంచి చదవండి. ఒక "మరియు" బదులు "లేదా" వచ్చినా అర్థం ఎంత మారుతుందో కళ్ల ముందు కనిపిస్తుంది. పాత చట్టం ప్రతి తీసుకునేటప్పుడు అది ఇప్పటిదాకా జరిగిన సవరణలన్నీ కలిపినదో కాదో చూసుకోండి. రాష్ట్ర విభజన తర్వాత అనుసరించిన పాత చట్టాలైతే తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు సవరణలు వేరువేరు. ఒక రాష్ట్రం ప్రతితో మరో రాష్ట్రం బిల్లు చదివితే లెక్క తప్పుతుంది.

ఆరో మెట్టు: రద్దు, మినహాయింపుల క్లాజు

సాధారణంగా ఆఖరి క్లాజు ఇదే. "ఫలానా చట్టం ఇందుమూలముగా రద్దు చేయడమైనది" అని మొదలై, పాత చట్టం కింద జరిగినవాటిలో ఏవి నిలుస్తాయో చెబుతుంది. జనం దీన్ని చదవరు. ఈ క్లాజు ఎంత నష్టం చేయగలదో సాదాబైనామాల కథ చెబుతుంది.

తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి కొనుగోళ్లను క్రమబద్ధం చేసుకునే వీలు 1971 నాటి ఆర్‌ఓఆర్ చట్టంలోని 5-ఎ సెక్షన్ ఇచ్చేది. తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరు 12న జీఓ ఇచ్చి సాదాబైనామా దరఖాస్తులు పిలిచింది, నవంబరు 10 దాకా తీసుకుంది. మధ్యలో అక్టోబరు 29న అప్పటి కొత్త ఆర్‌ఓఆర్ చట్టం (భూభారతికి ముందుది) అమల్లోకి వచ్చి 1971 చట్టం రద్దయింది. కొత్త చట్టంలో 5-ఎ లాంటి సెక్షన్ లేదు. పాత చట్టమే లేనప్పుడు దాని కింద దరఖాస్తులు ఎలా పరిశీలిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్లింది. అక్టోబరు 29 తర్వాత వచ్చినవాటిని పరిశీలించవద్దని కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. మొత్తం దాదాపు తొమ్మిది లక్షల దరఖాస్తులు, వాటిలో ఎక్కువ భాగం ఆ తేదీ తర్వాతవే. భూభారతి చట్టంలో వీటి కోసం ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టి, 2025లో హైకోర్టులో కేసు ముగిశాకే కదలిక వచ్చింది. సాగు చేసుకుంటున్న భూమికి పాస్‌బుక్ లేక, దానితో వచ్చే రైతుబంధు, బ్యాంకు అప్పు రాక రైతులు ఐదేళ్లు ఎదురుచూశారు. 2020 బిల్లులోని రద్దు క్లాజులో "పెండింగ్ దరఖాస్తులను పాత చట్టం ప్రకారమే పరిష్కరించవలెను, ఫలానా తేదీ దాకా వచ్చినవాటికి ఇది వర్తించును" అన్న ఒక్క వాక్యం పెట్టించగలిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కాబట్టి రద్దు క్లాజు దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పటికే పెట్టిన దరఖాస్తులు ఏమవుతాయి? పాత చట్టం కింద నడుస్తున్న అప్పీళ్లు, కేసులు ఎవరి దగ్గరికి వెళ్తాయి? పాత చట్టం ఇచ్చిన ఏ హక్కుకు కొత్త బిల్లులో చోటు లేదు? మూడోదానికి జవాబు కావాలంటే పాత చట్టం సెక్షన్ల జాబితా ఒక పక్క, కొత్త బిల్లు క్లాజుల జాబితా మరో పక్క రాసి గీతలతో కలపండి. జోడీ దొరకని పాత సెక్షన్లే పోయిన హక్కులు. గంట పని, కానీ ఈ మార్గదర్శిలో ఒక్క పని మాత్రమే చేసే తీరిక ఉంటే ఇదే చేయండి.

ఏడో మెట్టు: ఎవరు నిర్ణయిస్తారు, తప్పు జరిగితే ఎక్కడికి వెళ్లాలి

నోటు పుస్తకంలో నిచ్చెన గీయండి. కింది మెట్టు మీద మొదటి ఉత్తర్వు ఇచ్చే అధికారి, పైన అప్పీలు, ఆపైన రెండో అప్పీలు లేదా రివిజన్. ప్రతి మెట్టు పక్కన రెండు అంకెలు: మనకు ఎన్ని రోజుల గడువు, వాళ్లకు ఎన్ని రోజుల గడువు. రెండో అంకె చాలా బిల్లుల్లో ఉండదు. అధికారికి గడువు లేని చోట ఫైలు ఆగిపోతుంది. ఉత్తర్వే రాకపోతే అప్పీలు దేనిమీద వేస్తారు?

2020 నాటి తెలంగాణ చట్టంలో రికార్డు తప్పులపై రెవెన్యూ అధికారులకు అప్పీలు చేసుకునే మెట్లు లేవు, సివిల్ కోర్టుకే వెళ్లాల్సి వచ్చింది. ఆ చట్టంతో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణిపై అసంతృప్తికి పెద్ద కారణాల్లో అదొకటి. భూభారతి చట్టం అప్పీళ్లను, భూ ట్రిబ్యునళ్ల ఏర్పాటును తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం విషయంలో గొడవ ఎదురు వైపు నుంచి వచ్చింది. హక్కు వివాదాలను సివిల్ కోర్టు పరిధి నుంచి తప్పించి అధికారుల దగ్గర పెట్టారని, అక్కడి నుంచి నేరుగా హైకోర్టుకే వెళ్లాల్సి వస్తుందని న్యాయవాదులు ఆందోళనలు చేశారు. రిజిస్టరులో నమోదైన హక్కుపై రెండేళ్లలోపు అభ్యంతరం రాకపోతే అదే ఖరారన్న ఏర్పాటు మరో భయం. ఆ చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చినట్టు నోటిఫై అయింది, 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక జులైలో శాసనసభ రద్దు చేసింది.

"సివిల్ న్యాయస్థానములకు అధికార పరిధి ఉండదు" అన్న క్లాజు కనిపించగానే అన్ని తలుపులూ మూసుకుపోయాయని అనుకోనక్కర్లేదు. 226వ అధికరణం కింద హైకోర్టుకున్న రిట్ అధికారాన్ని (అధికారులకు నేరుగా ఆదేశాలిచ్చే అధికారం) రాష్ట్ర చట్టం తీసేయలేదు. కానీ రిట్‌లో సాక్షుల విచారణ, సర్వే కొలతలు లాంటివి మామూలుగా జరగవు. గట్టు తగాదాకు రిట్ సరైన మందు కాదు. అందుకే కింది మెట్లు గట్టిగా ఉండాలని పట్టుబట్టాలి.

శిక్షల క్లాజులు ఉంటే ఒక సంగతి: బిల్లు కంటే ముందు చేసిన పనిని, అప్పుడు నేరం కానిదాన్ని, కొత్తగా నేరం చేసి శిక్షించడానికి 20వ అధికరణం ఒప్పుకోదు. పన్నులు, ఫీజులకు ఈ రక్షణ లేదు, వాటిని పాత తేదీ నుంచి వేయవచ్చు.

ఎనిమిదో మెట్టు: బిల్లు ఇప్పుడు ఎక్కడుందో కనిపెట్టండి

సభలో దారి ఇది: ప్రవేశపెట్టడం, పరిశీలనకు తీసుకోవడం, క్లాజులవారీ ఆమోదం, బిల్లు మొత్తంగా ఆమోదం. మధ్యలో సెలెక్ట్ కమిటీకి (బిల్లును పరిశీలించే సభ్యుల బృందానికి) పంపవచ్చు, ప్రజాభిప్రాయానికి పంపవచ్చు. మన దగ్గర ఈ మధ్య చాలా బిల్లులు ఆ మలుపులేవీ లేకుండా వెళ్లిపోతున్నాయి. భూభారతి బిల్లు 2024 డిసెంబరు 18న సభలోకి వచ్చి 20న గట్టెక్కింది. ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల బిల్లు 2020 జనవరి 20న ఒక్కరోజులోనే శాసనసభ దాటింది. సభలో పెట్టాక సలహాలు రాద్దామని కూర్చుంటే పోస్టు చేరేలోపు బిల్లు వెళ్లిపోతుంది.

తర్వాత శాసన మండలి. ఆంధ్రప్రదేశ్‌లో 58 మంది, తెలంగాణలో 40 మంది సభ్యులు. మండలి బిల్లును ఆపలేదు, ఆలస్యం చేయగలదు: మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. ద్రవ్య బిల్లయితే (పన్నులు, ప్రభుత్వ ఖర్చు లాంటివాటికే పరిమితమైనది) 14 రోజులే. రాజధానుల బిల్లులను మండలి ఛైర్మన్ 2020 జనవరి 22న సెలెక్ట్ కమిటీకి పంపాలని నిర్ణయించారు. జూన్‌లో శాసనసభ మళ్లీ ఆమోదించింది, మండలి ఆమోదం లేకుండానే నెల గడిచింది, జులై 31న గవర్నర్ ఆమోదముద్ర వేశారు. 2021 నవంబరులో ప్రభుత్వమే వాటిని వెనక్కి తీసుకుంది.

ఆపైన గవర్నర్. 200వ అధికరణం కింద ఆమోదించవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే ఆమోదం నిలిపి వెనక్కి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు ఉంచవచ్చు. ఎన్ని రోజుల్లో అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కోర్టులు అలా గడువు విధించలేవని, గడువు దాటితే ఆమోదం పొందినట్టే అనడమూ కుదరదని, అయితే కారణం లేకుండా ఎంతకాలమైనా అట్టిపెట్టుకుంటే కోర్టు పరిమితంగా జోక్యం చేసుకోవచ్చని చెప్పింది.

ఉమ్మడి జాబితాలోని (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల) అంశంపై కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉండే బిల్లుకు 254వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. బిల్లు పంపగానే ఫలం చేతికి రాదు. తెలంగాణలో వెనుకబడిన తరగతులకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు 2025 మార్చి 17న శాసనసభ ఆమోదం పొంది రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లాయి. అది జరిగిన రోజున "42 శాతం వచ్చేసింది" అని నమ్మి లెక్కలు వేసుకున్నవారు నిరాశపడ్డారు. "సభ ఆమోదించింది" అన్న వార్త చూసినప్పుడు భూమి అమ్మడం, కొనడం, దరఖాస్తు వెనక్కి తీసుకోవడం లాంటివేవీ చేయకండి.

తొమ్మిదో మెట్టు: సలహా రాయడం

"ఈ బిల్లు రైతు వ్యతిరేకం, ఉపసంహరించుకోవాలి" అని రాసిన వంద ఉత్తరాల కంటే ఒక క్లాజును పట్టుకుని, మార్చాల్సిన మాటలు రాసి ఇచ్చిన ఒక్క కాగితం శాఖలో పనిచేసేవారికి ఎక్కువ ఉపయోగం. దాన్ని వాళ్లు నేరుగా ముసాయిదాలో అతికించగలరు. రెండు పేజీలు మించనివ్వకండి. ఒక్కో సూచనకూ నాలుగు భాగాలు: క్లాజు నంబరు, ఇప్పుడున్న మాటలు, దానివల్ల వచ్చే ఇబ్బందికి ఒక నిజమైన సందర్భం, మీరు కోరే మాటలు.

నమూనాకు ఇలా అనుకోండి. క్లాజులో ఉన్నది: "తహసీల్దారు విహితపరచిన గడువులోగా దరఖాస్తును పరిష్కరించవలెను." ఇబ్బంది: గడువు బిల్లులో లేదు, దాటితే ఏమవుతుందో లేదు, ఉత్తర్వు రాకపోతే అప్పీలుకు ఆధారం ఉండదు. కోరే మార్పు: "తహసీల్దారు దరఖాస్తు అందిన 30 రోజులలోగా రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవలెను, ఆ గడువు దాటినచో దరఖాస్తును తిరస్కరించినట్లు భావించి దరఖాస్తుదారు అప్పీలు చేసుకొనవచ్చును." తిరస్కరించినట్టు అని మనమే ఎందుకు రాస్తాం? అప్పీలు తలుపు తెరుచుకోవాలంటే ఏదో ఒక నిర్ణయం ఉండాలి గనుక. "ఆమోదించినట్లు భావించవలెను" అంటే వినడానికి బాగుంటుంది, కానీ భూమి రికార్డులో అది ఎదుటి పక్షానికి తెలియకుండానే పేరు మారిపోయే ప్రమాదం తెస్తుంది, శాఖ కూడా ఒప్పుకోదు.

పంపాల్సింది: శాఖ కార్యదర్శికి, ముసాయిదా ప్రకటనలో ఇచ్చిన ఈ-మెయిల్‌కు, మీ ఎమ్మెల్యేకు, మీ ప్రాంత ఎమ్మెల్సీలకు. పోస్టులో అయితే అందినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టు, చేతికిస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ. ఎమ్మెల్యేకు ఇచ్చే ప్రతిలో ఒక వాక్యం అదనం: "క్లాజు ఫలానాకు ఈ సవరణను సభలో ప్రతిపాదించవలసిందిగా కోరుతున్నాం." సభ్యులు సవరణ నోటీసు ఇవ్వవచ్చు, దానికి సిద్ధంగా రాసిన మాటలు మీరిస్తే వారి పని తేలిక. గ్రామసభ తీర్మానంగా పంపితే ఇంకా బరువు. తీర్మానం నంబరు, తేదీ, హాజరు సంతకాలు ఉండాలి.

బయట తిరిగే ఒకే అచ్చు ఉత్తరాన్ని వందమంది పంపితే శాఖ దాన్ని ఒకే సూచనగా లెక్కవేసుకునే అవకాశం ఉంది. మాటలు మీవి, సందర్భం మీ ఊరిది అయి ఉండాలి.

పదో మెట్టు: రాజపత్రంలో వచ్చాక

చట్టం ప్రతి రాగానే మీ పెన్సిల్ గీతలున్న బిల్లుతో పక్కపక్కన పెట్టి చూడండి, సభలో ఏదైనా మారిందేమో తెలుస్తుంది. తర్వాత గుండ్రంగా గీసుకున్న "విహితపరచిన" మాటలన్నిటినీ ఒక జాబితాగా రాసి, రూల్స్ జీఓ వచ్చినప్పుడు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. ముందుగా ముసాయిదా రూల్స్ ప్రకటిస్తే అదీ సలహా ఇచ్చే అవకాశమే. రూల్స్‌లో చట్టానికి మించిన షరతు కనిపిస్తే, అంటే సెక్షన్ అడగని పత్రాన్ని ఫారం అడిగితే, ఆ రెండు నంబర్లూ వేసి రాతపూర్వకంగా అడగండి. రూల్ ఎప్పుడూ తన చట్టాన్ని దాటకూడదు.

అమలు తేదీ నోటిఫికేషన్ వచ్చిన రోజున గడువుల లెక్క మొదలవుతుంది. అభ్యంతరాలకు, అప్పీళ్లకు, పాత దరఖాస్తుల బదిలీకి చివరి తేదీలు లెక్కగట్టి పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. కింద సెక్షన్ నంబరు, రాజపత్రం తేదీ కూడా వేయండి.